కుడివైపు చెక్‌నట్టు

ఏలూరు బైపాసు పక్కన సౌజన్యా, ఆమె అన్న గంగరాజూ నడుపుతున్న షెడ్డుకి అలాంటి కారు రావడం అదే మొదలు. వాళ్ల దగ్గరికి వచ్చేవన్నీ చేపల లారీలూ, ఐసు వ్యాన్లూ, ధాన్యం ట్రాక్టర్లూను. విరిగిన కమాను పట్టీలు మార్చడం, అరిగిన బుష్‌లు వెయ్యడం, చక్రాలు తిన్నగా నడిచేలా ఎలైన్‌మెంటు చూడడం వాళ్ల పని. కంప్యూటరు ఎలైన్‌మెంటు మిషను పెట్టాక కార్లవాళ్లు కూడా రావడం మొదలెట్టారు గానీ, భరద్వాజ్ తెచ్చిన నెమలికంఠం రంగు కారు వేరే జాతి.

భరద్వాజ్ తాడేపల్లిగూడెంలో ఓ ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెబుతాడు. పౌరోహిత్యం చేసుకునే ఇంట్లో పుట్టినవాడికి ఈ కార్ల పిచ్చి ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్ల నాన్న సూర్యప్రకాశరావు గారికి ఇప్పటికీ అంతుపట్టలేదు. పాత కారొకటి కొని, ఇంజను జోరు పెంచి, పొట్టి స్ప్రింగులు వేయించి నేలకి దించాడు. ఆదివారం తెల్లవారుతూనే గూడెం పాత రన్‌వే మీద, నడకకి వచ్చే జనం ఇంకా చేరకముందు, దాన్నో రెండు చుట్లు తిప్పితే గానీ అతనికి వారం గడిచినట్టుండదు.

అయితే కారు కిందికి దిగేసరికి వెనక చక్రాలు పైభాగాన లోపలికి వాలిపోయాయి. టైర్లు ఒక్క అంచునే అరిగిపోతున్నాయి. మలుపులో తోక ఆడుతోంది. వెనక చక్రాన్ని బండి అడుగుకి పట్టి ఉంచే ఇనప చేతుల్ని ఆర్మ్‌లంటారు. కంపెనీవాళ్లు ఇచ్చిన ఆర్మ్‌ల పొడవు మార్చడానికి వీల్లేదు. అందుకని పొడవు సర్దుకోగలిగే కొత్తవి తెప్పించాడు భరద్వాజ్. వాటి కొసలకి మరచుట్లుంటాయి, నడుము తిప్పితే సాగుతాయి, ముడుచుకుంటాయి. కొలత కుదిరాక రెండు కొసలా ఉన్న చెక్‌నట్లు బిగించేస్తే ఇక కదలవు. బిగించకపోతే మాత్రం దారి కుదుపులకి వాటంతటవే తిరిగి, చక్రం తనకి నచ్చిన దిక్కు చూడడం మొదలెడుతుంది.

పొద్దుటి నుంచీ ముగ్గురూ ఆ పని మీదే ఉన్నారు. భరద్వాజ్ కుర్చీలో కూర్చుని ఫోను చూసుకునే రకం కాదు. పాత ప్యాంటూ చొక్కా తెచ్చుకుని, బండిని పైకెత్తే ర్యాంపు కింద సౌజన్య పక్కనే నిలబడ్డాడు. అతను తిప్పితే ఆమె పట్టుకుంది, ఆమె తిప్పితే అతను లైటు చూపించాడు. గంగరాజు కంప్యూటరు దగ్గర కూర్చుని అంకెలు చదువుతూ "ఇంకాస్త... ఇంకాస్త... ఆఁ, చాలు!" అని కేకేశాడు. ఎడమవైపు అయిపోయింది. కుడివైపుకి వచ్చారు. అక్కడ కూడా అంకెలు పచ్చరంగుకి తిరిగాయి.

సరిగ్గా అప్పుడే షెడ్డు ముందు ఆటో ఆగింది. సూర్యప్రకాశరావు గారు పట్టుపంచెతో, భుజాన సంచీతో దిగారు. సాయంత్రం కైకలూరులో ఆయన చేయించాల్సిన పెళ్లి ఉంది. ముందుగా స్నాతకం జరిపించాలి.

"ఇంకా అవలేదట్రా? అయ్యిందన్నావు కదరా ఫోనులో! మగపెళ్లివాళ్లు వచ్చేసి కూర్చున్నారట. పవర్‌పేటలో మీ పిన్ని అన్నం పెడతానంది, అదొకటి. పద పద."

"అయిపోయింది నాన్నా," అంటూ భరద్వాజ్ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. పెద్దాయన నిలబడే ఉన్నారని సౌజన్య గబగబా వెళ్లి కుర్చీ తెచ్చి వేసింది. గంగరాజు ర్యాంపు దించేశాడు. చక్రాలు నేలని తాకాయి. మామూలుగా అయితే సౌజన్య ప్రతి బండినీ ఓసారి బైపాసు మీద నడిపి చూసి గానీ పంపదు. ఆవేళ అది కూడా కుదరలేదు.

కారు వెళ్లిపోయిన గంటకి అన్నాచెల్లెళ్లిద్దరూ టిఫిను గిన్నెలు విప్పుకుని కూర్చున్నారు. సౌజన్య ముద్ద నోటి దాకా తెచ్చి ఆగిపోయింది. చేతి వేళ్ల కణుపుల మీద గీసుకుపోయిన చోట పులుసు తగిలి చురుక్కుమంది. ఎడమవైపు చెక్‌నట్టు బిగిస్తుంటే సైలెన్సరు అంచుకి చెయ్యి కొట్టుకుని అయిన గాయం అది. ఆ ఇరుకులో పాన తిప్పాలంటే భుజం మెలితిరిగిపోయింది, ఇంకా లాగుతోంది. ఎడమవైపు బాగా గుర్తుంది. మరి కుడివైపు?

ఎంత వెతికినా కుడివైపు బిగించిన జ్ఞాపకం చేతికి లేదు.

"అన్నయ్యా, కుడివైపు చెక్‌నట్లు నువ్వు బిగించావా?"

గంగరాజు పెరుగు కలుపుకుంటున్నాడు. "నేను కంప్యూటరు దగ్గరున్నాను కదే. కింద ఉన్నది నువ్వేగా?"

"నేను బిగించలేదు."

"అయితే సారే బిగించుంటాడు. పాన ఆయన చేతిలోనే ఉంది."

"బిగించుంటాడా అని కాదు. బిగిస్తుంటే నువ్వు చూశావా?"

గంగరాజు చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. "నువ్వు బిగించావనే అనుకుని దించేశాను," అన్నాడు నెమ్మదిగా.

సౌజన్య చెయ్యి కడుక్కోకుండానే ఫోను తీసింది. భరద్వాజ్ ఫోను మోగనే లేదు. అందుబాటులో లేదని చెప్పింది. మళ్లీ చేసింది. అదే మాట. అతని భార్య స్పందన నంబరు షెడ్డులో రాసి ఉంది. ఆర్మ్‌ల పార్సెల్ షెడ్డుకి వచ్చిన రోజు ఆవిడే మాట్లాడింది.

"ఆయన కారెక్కితే ఫోను ఆపేస్తారండీ," అంది స్పందన. "డ్రైవింగులో ఫోను ముట్టుకోకూడదని ఆయన నియమం. మావయ్యగారు అసలు సెల్‌ఫోనే వాడరు. ఇప్పుడే పవర్‌పేట నుంచి బయల్దేరామని మెసేజ్ పెట్టారు. ఏవండీ, ఏమైనా మర్చిపోయారా?"

గంగరాజు ఎదురుగా నిలబడి వద్దన్నట్టు తల ఊపుతున్నాడు.

"ఒకటి బిగించామో లేదో అనుమానంగా ఉందండీ," అందామె. "ఆయన ఫోను కలిస్తే చాలా మెల్లగా ఎక్కడో ఒకచోట ఆపెయ్యమనండి. గట్టిగా బ్రేకు వెయ్యొద్దని చెప్పండి. నేను వెనకాలే వెళ్తున్నాను."

అవతల స్పందన గొంతు మారిపోయింది. ఏదో అడగబోయింది గానీ సౌజన్య అప్పటికే తాళాల కోసం వెతుకుతోంది.

"కొత్త మరలే అవి, ఒక్క పూటకి ఊడిపోవు," అన్నాడు గంగరాజు అడ్డం వచ్చి. "సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఓసారి చూస్తామని చెప్పి ఎక్కించి బిగించేద్దాం. ఇప్పుడు ఊరంతా ఫోన్లు చేసి నట్టు బిగించలేదని మనమే చాటుకుంటే ఎలా చెప్పు? ఆయన స్నేహితులు ముగ్గురు కార్లు తెస్తామన్నారు. ఇంకెవడైనా ఈ గడప తొక్కుతాడా?"

"అది కొల్లేటి రోడ్డు అన్నయ్యా."

ఆ రోడ్డంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. వాళ్లు పుట్టింది ఆ రోడ్డు పక్కనే. అటూ ఇటూ నీళ్లు, నడుమ గట్టు మీద తారు. చేపల లారీల నుంచి కారే నీటితో ఎప్పుడూ ఏదో ఒకచోట తడి. పక్కకి జారితే ఆపడానికి చెట్టు కూడా ఉండదు.

గంగరాజు పక్కకి తప్పుకున్నాడు గానీ, వెంట రాలేదు.

సౌజన్య భర్త ప్రసాద్ పొద్దున్నే చేపలు వేసుకెళ్లే మినీ ట్రక్కు షెడ్డు పక్కనే ఉంది. అందులో ఎక్కి కూర్చుంది. ఆ కారుని ఈ బండితో అందుకోవడం జరిగే పని కాదని ఊరు దాటకముందే తెలిసిపోయింది. అందుకోలేకపోతే ఎదుటి నుంచి ఆపించాలి. ఆ మాట తట్టగానే తండ్రికి ఫోను చేసి, స్పీకరు పెట్టి ముందు అద్దం దగ్గర ఆనించింది.

పెద్దిరాజు ఒకప్పుడు కొల్లేట్లో వలలు వేసినవాడు. ఇప్పుడు ఎడ్లగాడి వంతెనకి ఇవతల చేపల చెరువులకి కాపలా ఉంటున్నాడు. ఆయన పాక రోడ్డు మీదకే ఉంటుంది.

"నాన్నా, నువ్వు గట్టు మీదున్నావా? నీలం కారు ఏమన్నా పోయిందా? కిందికి దిగిపోయి ఉంటుంది, చప్పుడెక్కువ."

"లేదమ్మా. లారీలే పోతన్నాయి. ఏం?"

చెప్పింది. ఆయన మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. "అయితే ఆపాల. చెయ్యి అడ్డం పెడితే ఆగడా?"

"ఆగడు. ఆగినా దగ్గరకొచ్చాక ఒక్కసారిగా ఆపుతాడు. అదే ప్రమాదం నాన్నా. గట్టిగా బ్రేకు కొడితే వెనక చక్రం అడ్డం తిరిగిపోద్ది. దూరం నుంచే కనపడాలి. తనంతట తనే మెల్లగా తగ్గించుకోవాలి."

"లారీ అడ్డం పెట్టిత్తే?"

"వద్దొద్దు. కంగారుపడి తొక్కేస్తాడు."

ఫోనులో గాలి చప్పుడు, నడుస్తున్నట్టు. "అమ్మాయ్, క్రీస్తుదాసు బాతులు తూము కింద మేత్తన్నాయి," అన్నాడు పెద్దిరాజు. "పెద్ద మంద. రోడ్డు ఎక్కిత్తే అంత మేర కప్పేత్తాయి. బాతులు కనపడితే ఈ దారిన ఎవడైనా దూరం నుంచే తగ్గిత్తాడు."

"ఎక్కించు నాన్నా. తొందరగా."

ఫోను తెగలేదు. ఆయన జేబులో పడి ఉన్నట్టుంది. రోడ్డు మీద చూపు పెట్టి నడుపుతూనే ఆమె చెవి దానికి అప్పగించింది. దూరంగా తండ్రి కేక, దానికి మరో మగ గొంతు.

"మతి పోయిందా పెద్దిరాజన్నా? ఈ ఎండలో రోడ్డెక్కిత్తే లారీ కింద పడి చత్తాయి!"

"నా కూతురు అడిగిందిరా. కార్లో మనుషులున్నారు. ఎక్కించరా బాబూ."

తర్వాత మాటలు లేవు. నాలుకతో టక్కు టక్కుమనిపించే పిలుపూ, వెదురు కర్ర నీళ్ల మీద కొట్టిన చప్పుడూ వినబడ్డాయి. ఆపైన వానలా మొదలై, పెద్దదై, మిగతా చప్పుళ్లన్నిటినీ మింగేసిన బాతుల అరుపులు.

సౌజన్య ట్రక్కుని ఎంత తొక్కినా ఇంజను రొద పెరిగింది గానీ వేగం పెరగలేదు. ఇటూ అటూ చెరువుల్లో చేపలకి గాలి అందించే చక్రాలు నీళ్లు చిమ్ముతున్నాయి. గట్ల మీద గూడబాతులు కూర్చుని ఉన్నాయి. ప్రతి మలుపులోనూ ఆమె ముందుగా నీళ్లకేసే చూస్తోంది. నీలంగా ఏదైనా తేలుతోందేమోనని. తారు మీద టైరు మరకలు కనిపించిన చోటల్లా వేగం తగ్గించి చూసింది. అన్నీ పాతవే.

ఫోనులోంచి లారీ హారను పెద్దగా మోగింది. ఆమె ఉలిక్కిపడింది.

"ఒరేయ్ ఆపరా! హారను కొట్టకు!" అంటున్నాడు తండ్రి. అది కైకలూరు వైపు నుంచి వస్తున్న చేపల లారీ అయి ఉండాలి. హారను ఆగలేదు. బాతుల అరుపులు చెల్లాచెదురయ్యాయి. "అయిపోయిందన్నా, దిగిపోతన్నాయి, ఇంకెక్కడాగుతాయి!" అని క్రీస్తుదాసు గొంతు. లారీ పోయిన రొద. ఆ తర్వాత తల్లి నాగమణి గొంతు, ఎక్కడో దూరంగా: "అదుగో, వత్తంది! నీలంది!"

"నాన్నా! రోడ్డు ఖాళీ అయిపోయిందా? నాన్నా!"

జేబులో ఉన్న ఫోనులోంచి ఆమె కేక ఎవరికి వినిపిస్తుంది? క్రీస్తుదాసు పిలుపు మళ్లీ మొదలైంది, ఈసారి వేగంగా, ఏడుపులా. కర్రలు తారు మీద కొడుతున్నారు. "ఇటు, ఇటు తోలు నాగమణీ!" బాతుల చప్పుడు మళ్లీ దగ్గరైంది. దాని వెనక, సన్నగా మొదలై లావవుతూ, ఆమె ఉదయమంతా విన్న ఇంజను చప్పుడు. అది తగ్గింది. ఇంకా తగ్గింది. ఇంతలో టైరు తారుని గీరిన కీచుమన్న శబ్దం. ఎవరో అరిచారు.

ఫోను తెగిపోయింది.

అక్కణ్ణుంచి తూము దాకా ఉన్న దారిని ఆమె ఎలా దాటిందో తర్వాత ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు. మళ్లీ ఫోను చెయ్యలేదు. ఎవరో ఎత్తి ఏదో చెబుతారని భయం.

మొదట కనిపించింది బాతులు. రోడ్డంతా గోధుమరంగు తివాచీలా కదులుతున్నాయి. వాటికి ఇవతల నీలం కారు, రోడ్డుకి అడ్డంగా. ముక్కు నడిరోడ్డు మీద ఉంది. కుడి వెనక చక్రం తారు దాటి గట్టు అంచున మట్టిలోకి దిగింది. ఆ చక్రానికి అవతల నీళ్లే.

సూర్యప్రకాశరావు గారు తూము గోడ మీద కూర్చుని ఉన్నారు. సంచీ ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నారు. నాగమణి ఆయనకి కొబ్బరిబోండం కొట్టి ఇచ్చి, కాస్త ఎడంగా నిలబడింది. భరద్వాజ్ పెద్దిరాజు ఎదురుగా నిలబడి పెద్దగా మాట్లాడుతున్నాడు.

"ఎవరైనా మెయిన్ రోడ్డు మీదకి బాతుల్ని తోలతారా అండీ? కారు నీళ్లలో పడేది! ముహూర్తం పని మీద వెళ్తున్నాం. దయచేసి తప్పించండి."

"కదలొద్దు బాబూ. మా అమ్మాయి వచ్చేదాకా కదలొద్దు," అంటున్నాడు పెద్దిరాజు. అప్పటికి ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో గానీ, కారు తలుపుకి ఆనుకుని నిలబడి అక్కణ్ణుంచి జరగడం లేదు.

భరద్వాజ్ సౌజన్యని చూశాడు. అతని ముఖంలో కోపం ఒక్క క్షణం అలాగే ఉండి, తర్వాత ఏం చెయ్యాలో తెలియనట్టు అయిపోయింది.

"మీరేంటండీ ఇక్కడ?"

దారి పొడుగునా ఎలా చెప్పాలా అని కూడబలుక్కున్న మాటలేవీ ఆమెకి అక్కరకి రాలేదు. "కుడివైపు చెక్‌నట్లు బిగించలేదండీ," అంది. "నేను చూసుకోకుండా పంపేశాను."

"లేదే! మీరు బిగించారు కదా?"

"నేను మీరు బిగించారనుకున్నాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. భరద్వాజ్ వెళ్లి మట్టిలో వెల్లకిలా పడుకుని కారు కిందికి జరిగాడు. ఆమె కూడా పక్కనే దూరింది. నట్టు తన చోటు వదిలి మరచుట్ల వెంట జారి వచ్చేసింది. అది ఉండాల్సిన చోట మరలు కొత్తగా మెరుస్తున్నాయి. భరద్వాజ్ ఆర్మ్ నడుముని రెండు వేళ్లతో పట్టుకుని తిప్పాడు. సీసా మూతలా తిరిగింది.

అతను వేళ్లు తీసేశాడు.

"వంతెన దాటాక తిన్నని దారి ఉంది కదండీ," అన్నాడు. గొంతు చాలా చిన్నగా ఉంది. "అక్కడ తొక్కుదామనుకున్నాను. కొత్త ఆర్మ్‌లు ఎలా ఉన్నాయో చూద్దామని."

సౌజన్య కారు కింద నుంచి ఇవతలికి జరిగింది.

బయటికి వచ్చి ట్రక్కులో ఉన్న పనిముట్లన్నీ కింద గుమ్మరించింది. అప్పుడు తెలిసింది చేసిన పొరపాటు. ఆ నట్టుకి పలచటి పాన కావాలి, మామూలుది ఆ సందులో దూరదు. అది షెడ్డులోనే ఉండిపోయింది. చేత్తో ఎంత బిగించినా లాభం లేదు. అవతల లారీలు ఆగి హారన్లు కొడుతున్నాయి. ఇవతల బస్సు దిగి జనం గుమిగూడారు. "తోసేద్దాం పదండి," అని ఎవరో చెయ్యి వెయ్యబోతే సౌజన్య ఒక్క అరుపు అరిచింది. చక్రం అటు తిరిగి ఉంది. తోస్తే నీళ్లలోకే.

జనాన్ని తప్పించుకుంటూ మోటారు సైకిలు ఒకటి వచ్చి ఆగింది. గంగరాజు. చొక్కా లోపల పొట్టకీ బనీనుకీ మధ్య పలచటి పాన, వీపుకి తువ్వాలుతో కట్టుకున్న టార్క్ రెంచి, తగినంత బిగియగానే టక్కుమనేది. చెల్లెలి ముఖం చూడకుండా పనిముట్లు ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వు తీసుకెళ్లలేదని నీ బండి కదిలాక చూశాను," అన్నాడు. ఆ తర్వాత భరద్వాజ్‌కేసి తిరిగి, "ర్యాంపు దించింది నేనండీ. అడక్కుండా దించేశాను," అన్నాడు.

అక్కడా గండం తీరలేదు. జాకీ పెడితే గట్టు మట్టిలో దిగబడిపోయింది. రెండోసారి పెడితే కారు ఒక జానెడు నీళ్లవైపు వాలింది. జనం ఒక్కసారిగా వెనక్కి తగ్గారు. పెద్దిరాజు వెళ్లి పాత దోనె చెక్క ఒకటి మోసుకొచ్చి జాకీ కింద వేశాడు. క్రీస్తుదాసు, భరద్వాజ్, పెద్దిరాజు ముగ్గురూ ముందు తలుపు దగ్గర వేలాడి బరువంతా రోడ్డువైపు వేశారు. గంగరాజు జాకీ తిప్పాడు. చక్రం నేల విడిచింది.

సౌజన్య కిందికి దూరింది. కారు కూలితే తప్పించుకునే చోటు లేదని ఆమెకి తెలుసు. తండ్రికి కూడా తెలుసు. పొద్దున కొలత కుదిరినప్పుడు మరచుట్ల మీద తను పెట్టిన గుర్తు దాకా ఆమె ఆర్మ్‌ని తిప్పుకుంది. పాన పెట్టింది. మొదటి నట్టు బిగిసింది. రెండోదానికి చెయ్యి అందలేదు, భుజం మెలితిప్పి అందుకుంది. రెంచి టక్కుమంది.

"అన్నయ్యా, చూడు," అంది కింద నుంచే.

గంగరాజు తల కిందికి పెట్టి, తనే చెయ్యి పోనిచ్చి నట్టుని పట్టుకుని చూశాడు. "బిగిసింది," అన్నాడు.

"మీరు కూడా చూడండి సార్."

ఆమె బయటికి వచ్చాక జాకీ దించి, ఈసారి అందరూ కలిసి కారుని తారు మీదకి తోశారు. అప్పుడు భరద్వాజ్ కూడా చూశాడు.

కారు వెనక్కి ఏలూరుకే వెళ్లాలి, అదీ మనిషి పరుగెత్తినంత వేగంతో. గంగరాజు మోటారు సైకిలు మీద ముందు నడిస్తే భరద్వాజ్ వెనకాల నడుపుకుంటూ బయల్దేరాడు. మిగిలింది పంతులుగారు. అటు పెళ్లివారు ఎదురుచూస్తున్నారు.

"మీకు అభ్యంతరం లేకపోతే ఈ ట్రక్కులో దింపుతానండీ," అంది సౌజన్య. "వాసన వస్తుంది. కడిగిందే గానీ, పోదు."

సూర్యప్రకాశరావు గారు పంచె కాస్త పైకి కట్టుకుని ఎక్కి కూర్చున్నారు. బాతుల నడుమ నుంచి క్రీస్తుదాసు దారి చేశాడు. ఒక బాతు కాలు విరిగింది, దాన్ని చంకలో పెట్టుకున్నాడు.

వంతెన దాటారు. సంచీ పట్టుకున్న ఆయన వేళ్లు ఇంకా బిగుసుకునే ఉన్నాయి.

"వాడు మెల్లగానే వస్తున్నాడమ్మా," అన్నారు హఠాత్తుగా. "కొత్త సామాను వేశారు, ఇవాళ మెల్లగా పోవాలి నాన్నా అన్నాడు. నేనే, ముహూర్తం ముహూర్తం అని తొందరపెట్టాను. మీ షెడ్డు దగ్గరా అంతే. నేను అలా వచ్చి నిలబడకపోతే మీరు మీ పని చూసుకునేవారు."

"మీరు తొందరపెట్టినా చూసుకోవాల్సింది మేమండీ."

"అదీ నిజమే," అన్నారాయన, ఒప్పుకుంటూ. ఆమెని ఊరడించే ప్రయత్నమేమీ చెయ్యలేదు. అది సౌజన్యకి ఎందుకో హాయిగా అనిపించింది.

మరికాస్త దూరం పోయాక ఆయన ఎండకేసి చూసి, తెలియకుండానే, "కొంచెం తొందరగా పోనివ్వమ్మా," అన్నారు. అని నాలిక్కరుచుకున్నారు. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగీ ఆగకముందే ఆమె కళ్లు నీళ్లతో నిండిపోయాయి. రోడ్డు కనిపించక బండి పక్కకి ఆపింది. పెద్దాయన కిటికీలోంచి బయటికి చూస్తూ, ఆమె కళ్లు తుడుచుకునేదాకా తొందరపెట్టకుండా కూర్చున్నారు.

పెళ్లి పందిరి ముందు చేపల ట్రక్కులోంచి పురోహితుడు దిగేసరికి సన్నాయివాళ్లు వాయించడం ఆపేసి చూశారు. పెళ్లికూతురి తండ్రి పరుగెత్తుకొచ్చాడు. "కారు దారిలో ఆగిపోయిందండీ. ఈ అమ్మాయి సమయానికి చేర్చింది," అని మాత్రం చెప్పి, ఆయన బావి దగ్గరికి స్నానానికి వెళ్లిపోయారు.

సౌజన్య తిరిగి షెడ్డుకి చేరేసరికి దీపాలు పెట్టేవేళయింది. కారు ర్యాంపు మీద ఉంది. గంగరాజూ భరద్వాజ్ చెరోవైపు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. స్పందన కూడా గూడెం నుంచి రైలెక్కి వచ్చేసింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. సౌజన్యని చూసి లేచి నిలబడింది. తిడుతుందనుకుంది సౌజన్య. తిట్టలేదు, దగ్గరికి తీసుకోనూ లేదు.

"ఫోనులో మీరు చెప్పకుండా ఊరుకుని ఉంటే నాకు తెలిసేది కాదు," అంది. "తెలిశాక ఇంతసేపూ నేను పడ్డది మాత్రం ఎవరికీ వద్దండీ."

"క్షమించండి," అంది సౌజన్య.

ఆ ఆర్మ్ మరలు వదులుగా కొట్టుకుని పాడయ్యాయని విప్పి చూస్తే తేలింది. కొత్తది వచ్చేదాకా కంపెనీ ఆర్మే మళ్లీ వేసి పంపారు. పది రోజుల తర్వాత భరద్వాజ్ మళ్లీ వచ్చాడు. ఈసారి పని మధ్యలో షెడ్డు ముందు ఎవరు ఆగినా గంగరాజు తల తిప్పలేదు. బిగించినవాళ్లు ఒకరైతే పట్టుకుని చూసినవాళ్లు మరొకరు. మాట్లాడుకునేది తక్కువ, ఒకరినొకరు అడిగేది ఎక్కువ.

భరద్వాజ్ తన స్నేహితులకి జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ముగ్గురిలో ఇద్దరు ఇక రాలేదు. మూడోవాడు వచ్చాడు గానీ, తన కారు కింద సౌజన్య ఉన్నంతసేపూ పక్కనుంచి కదలకుండా ప్రతి నట్టూ తనే చెయ్యి పెట్టి చూసుకున్నాడు. ఆమెకి కోపం రాలేదు. లైటు అతనికి సరిగ్గా పడేలా పట్టుకుంది.